పాత సిస్టం నెమ్మదించిందా? ఎక్కడ ఆగుతోందో ముందు చూడండి

"అన్నా, సిస్టం స్టక్కవతా ఉంది. ఫార్మాట్ కొట్టేద్దామా?" కావలి నుంచి ఒంగోలు దాకా ఏ కొట్టుకెళ్లినా పాత డెస్క్‌టాప్ గురించి వినపడే మాట ఇదే. దొరికే సలహాలూ రెండే. విండోస్ కొత్తగా వేయించు, లేదంటే కొత్త సిస్టం కొనుక్కో. ఆ రెండూ ఎందుకు చేయాలో కొలిచి చెప్పేవాళ్లు తక్కువ. పాత సిస్టంలో పని ఆగే చోట్లు ముఖ్యంగా నాలుగు: ప్రాసెసర్, ర్యామ్, హార్డ్‌డిస్క్, వేడి. ఏ చోట ఆగుతోందో పావుగంటలో తేల్చుకోవచ్చు. కాకపోతే సిస్టం నెమ్మదిగా ఉన్నప్పుడే చూడాలి. పొద్దున్నే కొట్టు తెరిచి, ఒక్క ప్రోగ్రామూ నడపకుండా చూస్తే అన్నీ బాగున్నట్టే కనబడతాయి.

మన వైపు ఇంకా వాడకంలో ఉన్న పాత సిస్టంలు ఎక్కువగా రెండు రకాలు. కోర్ 2 డుయో ప్రాసెసర్, జీ31 బోర్డు, డీడీఆర్2 ర్యామ్ ఉన్నవి ఒకటి. రెండో తరం లేదా మూడో తరం ఐ3, హెచ్61 బోర్డు, డీడీఆర్3 ర్యామ్ ఉన్నవి రెండోది. జీ31 బోర్డుకి 4 జీబీకి మించి ర్యామ్ ఎక్కదు, చిప్‌సెట్ హద్దే అంత. హెచ్61కి రెండు స్లాట్లలో 8 చొప్పున 16 జీబీ దాకా వేసుకోవచ్చు. కాబట్టి ముందు మీది ఏదో తెలుసుకోండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పర్ఫార్మెన్స్ ట్యాబ్‌కి వెళ్లి సీపీయూ మీద నొక్కితే కుడివైపు పైన ప్రాసెసర్ పేరు ఉంటుంది. మెమరీ మీద నొక్కితే ఎన్ని స్లాట్లున్నాయో, ఎన్నిటిలో ర్యామ్ ఉందో కింద చూపిస్తుంది. విండోస్ 7 టాస్క్ మేనేజర్‌లో ఈ వివరాలు రావు. సీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రాం వేసుకుని మెయిన్‌బోర్డ్, ఎస్‌పీడీ ట్యాబ్‌లు చూడాలి.

ఇక అసలు కొలత. రొయ్యల మేత అమ్మే కొట్లో ఉండేలాంటి సిస్టం ఒకటి తీసుకుందాం. రెండో తరం ఐ3, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్క్, విండోస్ 10. ట్యాలీ తెరిచి ఉంది, క్రోమ్‌లో ఏడెనిమిది ట్యాబ్‌లు, వాట్సాప్ వెబ్, ఒక పీడీఎఫ్. మౌస్ కదులుతోంది కానీ నొక్కితే పలకడం లేదు. టాస్క్ మేనేజర్‌లో సీపీయూ 25 శాతం. మెమరీ 3.9 జీబీలో 3.5 వాడకంలో ఉంది. కమిటెడ్ అన్న చోట, అంటే ప్రోగ్రాంలన్నీ కలిపి అడిగిన మొత్తం, 5.6 జీబీ. డిస్క్ 100 శాతం. కానీ డిస్క్ మీద నొక్కి చూస్తే చదివే వేగం సెకనుకి ఒక ఎంబీ కూడా లేదు!

ఇక్కడే చాలామంది తికమకపడతారు. వంద శాతం పనిచేస్తూ ఒక ఎంబీ కూడా ఇవ్వకపోవడం ఏంటి? నిమిషానికి 7200 చుట్లు తిరిగే డిస్క్‌కి ఒక చుట్టు పూర్తవడానికి 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. కావలసిన చోటు చదివే ముల్లు కిందికి రావడానికి సగటున అందులో సగం, ముల్లు కావలసిన వరసకి జరగడానికి సగటున ఇంకో ఎనిమిదీ తొమ్మిదీ. మొత్తం పన్నెండు పదమూడు మిల్లీసెకన్లు. అంటే ఒక చోట నుంచి ఇంకో చోటికి సెకనుకి ఎనభై సార్లు పరిగెత్తగలదంతే. ఒక్కో పరుగుకి 4 కేబీ ముక్క తెస్తే సెకనుకి 320 కేబీ. పెద్ద సినిమా ఫైలు కాపీ చేసేటప్పుడు సెకనుకి 100 ఎంబీ ఇచ్చే అదే డిస్క్, చెల్లాచెదురు ముక్కలు అడిగితే ఇలా అయిపోతుంది. డిస్క్ చెడిపోలేదు, దాని పని తీరే అది.

ఆ ముక్కలు అడుగుతున్నదెవరో తేల్చాలి. విండోస్ గుర్తు ఉన్న కీ, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో ఆర్, ఈ, ఎస్, ఎం, ఓ, ఎన్ అక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కండి. రిసోర్స్ మానిటర్ వస్తుంది. మెమరీ ట్యాబ్‌లో హార్డ్ ఫాల్ట్స్ అనే గీత చూడండి. ప్రోగ్రాం తెరిచిన ఆ పది సెకన్లు పైకి లేచి పడిపోతే మామూలే. పని చేస్తున్నంతసేపూ సెకనుకి వందల్లో నిలబడి ఉండి, అవైలబుల్ మెమరీ 500 ఎంబీ కిందే ఉంటే మాత్రం ర్యామ్ చాలడం లేదు. చోటు లేక విండోస్ ర్యామ్‌లో ఉన్నదాన్ని డిస్క్ మీద పేజ్ ఫైల్‌లోకి తోస్తోంది, మళ్లీ కావాలంటే లాక్కుంటోంది. పై ఉదాహరణలో జరుగుతున్నది సరిగ్గా ఇదే. ఈ సిస్టానికి ఫార్మాట్ కొట్టినా నెల తర్వాత మళ్లీ ఇదే పాట. దానికి కావలసింది ఇంకో 4 జీబీ ముక్క.

అవైలబుల్ ఒక జీబీకి పైగా ఉండి కూడా డిస్క్ 100 దగ్గరే ఉంటే ర్యామ్ మీద తప్పు లేదు. రిసోర్స్ మానిటర్‌లోనే డిస్క్ ట్యాబ్‌కి వెళ్లి టోటల్ అన్న శీర్షిక మీద నొక్కండి, ఎక్కువ లాగుతున్న ప్రోగ్రాం పైకొస్తుంది. విండోస్ అప్‌డేట్, డిఫెండర్ స్కాన్, సెర్చ్ ఇండెక్సింగ్, తరచూ వాడేవాటిని ముందే ర్యామ్‌లోకి తెచ్చిపెట్టే సిస్‌మెయిన్, ఈ నాలుగిట్లో ఒకటి ఉండడమే ఎక్కువ. అప్‌డేట్, స్కాన్ అయితే వదిలేయండి, సిస్టం ఆన్‌లో పెట్టి భోజనానికెళ్లి వచ్చేసరికి అయిపోతాయి. మధ్యలో ఆపితే మళ్లీ మొదటికొస్తాయి. హార్డ్‌డిస్క్ ఉన్న సిస్టంలో సిస్‌మెయిన్, సెర్చ్ ఎప్పుడూ లాగుతూనే ఉంటే సర్వీసెస్‌లో వాటిని డిసేబుల్ చేయొచ్చు, నష్టం లేదు. స్టార్ట్ మెనూలో ఫైళ్లు వెతకడం కాస్త ఆలస్యమవుతుందంతే.

అదే చోట రెస్పాన్స్ టైమ్ అన్న వరస ఉంటుంది. దాన్ని తప్పకుండా చూడండి. పాత డిస్క్‌కి పది నుంచి యాభై మిల్లీసెకన్లు మామూలు. ఒక్క ఫైలుకి వేలల్లో చూపిస్తోందంటే డిస్క్ లోపల చదవలేని చోటు మీద పదే పదే ప్రయత్నిస్తోందని అనుమానించాలి. అప్పుడు డిస్క్ ఆరోగ్యం చూపే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం వేసి నాలుగు వరసలు చూడండి. అంతకుముందు ఫంక్షన్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఫీచర్, రా వాల్యూస్ కింద 10 డెక్ ఎంచుకోండి, లేకపోతే అంకెలు మనకి అర్థమయ్యే లెక్కలో రావు. 05 అంటే ఇప్పటికే పాడై, వేరే చోటికి మార్చిన సెక్టార్లు. సీ5 అంటే చదవలేక పెండింగ్‌లో పెట్టినవి. సీ6 అంటే సరిచేయలేనివి. సీ7 మాత్రం డిస్క్‌ది కాదు, కేబుల్‌ది. సీ7 పెరుగుతుంటే డిస్క్‌ని బోర్డుకి కలిపే సాటా కేబుల్ మార్చి చూడండి. పాత అంకె మళ్లీ సున్నాకి రాదు, పెరగడం ఆగితే నయమైనట్టే.

సీ5లో సున్నా కాక ఏ అంకె ఉన్నా మొదట చేయాల్సిన పని ఒక్కటే, ట్యాలీ డేటా, ఫొటోలు, డాక్యుమెంట్లు ఇంకో డిస్క్‌కి కాపీ చేయడం. డిస్క్‌లో తప్పులు వెతికే చెక్ డిస్క్, చెదిరిన ముక్కల్ని ఒకచోట చేర్చే డీఫ్రాగ్ ఆ తర్వాతి మాట. కాపీ తీయకుండా చెక్ డిస్క్ నడిపితే కొస ప్రాణంతో ఉన్న డిస్క్ గంటల తరబడి అదే పాడైన చోటు మీద గీరుకుంటుంది. చాలా కొట్లలో పదేళ్ల లెక్కలు పోయేది ఈ ఒక్క తొందరపాటు వల్లే. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా తక్కువే.

ప్రాసెసర్ సంగతి. సీపీయూ 90 దాటి నిలబడితే ప్రాసెసెస్ ట్యాబ్‌లో సీపీయూ శీర్షిక నొక్కి ఎవరు తింటున్నారో చూడండి. రెండు యాంటీవైరస్‌లు ఒకేసారి ఉంటే ఒకటి తీసేయండి. క్రోమ్ అయితే దాని కిటికీలోనే షిఫ్ట్, ఎస్కేప్ నొక్కితే ఏ ట్యాబ్ ఎంత తింటోందో విడివిడిగా చూపిస్తుంది. సిస్టం ఇంటరప్ట్స్ అన్న పేరే పైన ఉంటే అది ప్రోగ్రాం కాదు. డ్రైవర్‌దో, పాడైన యూఎస్‌బీ వస్తువుదో గొడవ. ప్రింటర్, పెన్‌డ్రైవ్, స్కానర్ ఒక్కొక్కటే పీకి చూడండి.

ఇక్కడ ఇంకో అంకె ఉంది, చాలామంది పట్టించుకోరు. సీపీయూ గ్రాఫ్ కింద స్పీడ్. మీది 3.3 గిగాహెర్ట్జ్ ఐ3 అనుకోండి. ఖాళీగా ఉన్నప్పుడు 1.6 చూపించడం సహజం, కరెంటు ఆదా కోసం అదే తగ్గించుకుంటుంది. వాడకం వంద శాతంలో ఉన్నప్పుడు కూడా 3.3కి ఎక్కకుండా కిందే ఆగిపోతే, ముందు పవర్ ఆప్షన్స్‌లో పవర్ సేవర్ పెట్టి లేదని చూసుకోండి. అది కాకపోతే వేడి. ఇంటెల్ ప్రాసెసర్ లోపల వేడి వంద డిగ్రీల దగ్గరికి వస్తే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది, అప్పటికీ దిగకపోతే సిస్టం ఆగిపోతుంది. కోర్ టెంప్ లేదా హెచ్‌డబ్ల్యూ మానిటర్ వేస్తే వేడి తెలుస్తుంది. మన ఎండల్లో ఖాళీగా ఉన్నప్పుడు 45 నుంచి 55, పనిలో 80 లోపు ఉంటే పర్వాలేదు. 90 దాటుతోందంటే డబ్బా విప్పాల్సిందే. హార్డ్‌డిస్క్ 50 లోపు ఉంటే మంచిది.

గది ఎంత వేడెక్కితే డబ్బా లోపలి వేడికి అంతా కలుస్తుంది. రోహిణి కార్తెలో ఏసీ లేని గది 40 డిగ్రీలుంటే, చలికాలంలో 70 దగ్గర నడిచిన ప్రాసెసర్ ఏమీ మారకుండానే 85కి వస్తుంది. "ఎండాకాలంలోనే స్లో అవతా ఉంది" అనే ఫిర్యాదు ఊరికే వచ్చింది కాదు. గోడకి ఆనించి, టేబుల్ కింద అరలో బిగించి పెట్టిన డబ్బాని నాలుగంగుళాలు ముందుకు లాగితేనే తేడా కనబడుతుంది.

దుమ్ము అన్ని చోట్లా ఒకటి కాదు. నెల్లూరు రైసు మిల్లుల చుట్టుపక్కల పడేది ఊక పొడి. తేలిగ్గా ఉంటుంది, ఫ్యాన్ కింద ప్రాసెసర్ వేడిని లాగే లోహపు దిమ్మె, అంటే హీట్‌సింక్, రెక్కల మీద కంబళి ముక్కలా పేరుకుంటుంది, గాలి పూర్తిగా ఆపేస్తుంది. అయితే బ్రష్‌తో పొర పొరగా లేచి వస్తుంది. చీమకుర్తి గ్రానైట్ పొడి, మార్కాపురం పలకల రాతి పొడి సన్నవి, బరువైనవి. ఫ్యాన్ ఇరుసు నూనెలో కలిసి బేరింగ్‌ని అరగదీస్తాయి. అక్కడ ఫ్యాన్ గురగురమందంటే శుభ్రం చేసి లాభం లేదు, మార్చాలి. కొత్తపట్నం, మైపాడు, కృష్ణపట్నం లాంటి సముద్రం పక్క ఊళ్లలో దుమ్ము కంటే ఉప్పు గాలి ఎక్కువ బాధ. ర్యామ్ కాళ్లు, కేబుల్ కొనలు మసకబారతాయి. సిస్టం ఆన్ అయి తెర రాకపోవడం, బీప్‌లు కొట్టడం, ఒక ర్యామ్ ముక్క కనబడకుండా పోవడం దాని లక్షణాలు.

శుభ్రం చేసే తీరు కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే బాగున్నవి కూడా పాడు చేస్తారు. ప్లగ్గు పీకేసి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి, లోపల మిగిలిన కరెంటు పోతుంది. డబ్బాని వరండాలోకి తీసుకెళ్లండి. తాకే ముందు డబ్బా ఇనుము మీద ఒకసారి చెయ్యి పెట్టండి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకోవాలి. సరదాగా గిర్రున తిప్పితే బేరింగ్ పోతుంది. ఇంట్లో వాక్యూమ్ క్లీనర్ వాడొద్దు, దాని గొట్టంలో పుట్టే స్టాటిక్ బోర్డుకి మంచిది కాదు. తడిగుడ్డ అసలొద్దు.

పై పైన ఊదితే హీట్‌సింక్ శుభ్రం కాదు. ఇంటెల్ కూలర్‌కి నాలుగు మూలలా నల్లటి పిన్నులుంటాయి. ఒక్కోదాన్ని తల మీది బాణం గుర్తు చూపే వైపు పావు చుట్టు తిప్పి పైకి లాగాలి. పాత ఏఎండీ అయితే జాగ్రత్త. ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య వేడి దాటడానికి పూసే పేస్ట్ గట్టిపడి కూలర్‌తో పాటు ప్రాసెసరే సాకెట్ నుంచి ఊడి వస్తుంది, కాళ్లు వంగిపోతాయి. ముందు సిస్టం పది నిమిషాలు నడిపి, వేడిగా ఉన్నప్పుడు ఆపి, కూలర్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పి వదులు చేసి తీయండి. ఎండిన పేస్ట్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన నూలు గుడ్డతో తుడవండి. శానిటైజర్ పనికిరాదు, అందులో నీళ్లూ గ్లిజరినూ ఉంటాయి. కొత్త పేస్ట్ మధ్యలో కందిబద్దంత చాలు. ఎక్కువ పెడితే చుట్టూ కారుతుంది, వేడి ఇంకా ఆగుతుంది. పిన్నులు బిగించేటప్పుడు ఎదురెదురు మూలలు ముందు నొక్కండి, నాలుగూ టక్‌మన్నాయో లేదో బోర్డు వెనక వైపు చూసుకోండి. ఒక్క పిన్ను సరిగా దిగకపోయినా కూలర్ ఒక పక్కకి లేస్తుంది, శుభ్రం చేశాక వేడి ఇంకా పెరిగిందనే ఫిర్యాదుకి కారణం అదే.

ర్యామ్ కాళ్ల మీద పెన్సిల్ రబ్బరుతో ఒకే దిశలో నాలుగుసార్లు రుద్ది, ఆ పొట్టు ఊదేసి, రెండు చెవులూ టక్‌మనేదాకా నొక్కి పెట్టండి.

కొత్త ర్యామ్ కొనేటప్పుడు ముందు విండోస్ 32 బిట్టా 64 బిట్టా చూడండి. 32 బిట్ అయితే 8 జీబీ వేసినా మూడు పైచిలుకే వాడుకుంటుంది. 64 బిట్ విండోస్ వేయించాల్సిన సందర్భం అది, అప్పుడు ఫార్మాట్‌కి అర్థం ఉంది. టాస్క్ మేనేజర్‌లో హార్డ్‌వేర్ రిజర్వ్‌డ్ అన్న చోట ఒకటి రెండు జీబీలు పోతుంటే విండోస్ కీ, ఆర్ నొక్కితే వచ్చే పెట్టెలోనే ఎమ్, ఎస్, సీ, ఓ, ఎన్, ఎఫ్, ఐ, జీ కొట్టి, బూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో మాగ్జిమమ్ మెమరీ దగ్గర టిక్కు లేకుండా చూసుకోండి. వేగం పెరుగుతుందని ఎవరో పెట్టిన ఆ టిక్కు వల్ల ఉన్న ర్యామే తగ్గిపోతుంది. ఆన్‌లైన్‌లో మరీ చవగ్గా దొరికే డీడీఆర్2, డీడీఆర్3 ముక్కల్లో కొన్ని ఏఎండీ బోర్డుల మీదే పనిచేస్తాయి. ఆ మాట చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఇంటెల్ బోర్డులో పెడితే తెరే రాదు. ఉన్న ముక్కకి జతగా అదే సైజుది వేస్తే డ్యూయల్ ఛానెల్‌లో, అంటే రెండు ముక్కలూ ఒకేసారి పనిచేస్తూ, నడుస్తుంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని సిస్టానికి ఇది బాగా కలిసొస్తుంది, తెర బొమ్మ కూడా ఆ ర్యామ్ నుంచే వస్తుంది కాబట్టి.

ర్యామ్ తర్వాత ఖర్చు పెట్టదగ్గది సాటా ఎస్‌ఎస్‌డీ. హెచ్61 బోర్డులో సాటా వేగం సెకనుకి 3 గిగాబిట్‌లే, ఎస్‌ఎస్‌డీ పూర్తి వేగం రాదు అంటారు. నిజమే, 500కి బదులు 250 చిల్లర ఎంబీలే వస్తాయి. కానీ మన బాధ పెద్ద ఫైళ్లతో కాదు, ఇందాక చెప్పిన ఎనభై పరుగులతో. ఎస్‌ఎస్‌డీకి జరిగే ముల్లే లేదు, పాత పోర్టులో కూడా అవి వేలల్లో చేస్తుంది. 240 జీబీది విండోస్‌కి, ట్యాలీకి సరిపోతుంది. పాత హార్డ్‌డిస్క్ బాగుంటే ఫొటోలకి ఉంచుకోండి. బయాస్‌లో, అంటే విండోస్ కంటే ముందు వచ్చే బోర్డు సెట్టింగుల్లో, సాటా మోడ్ పాత పద్ధతి ఐడీఈలో ఉంటే నేరుగా కొత్త పద్ధతి ఏహెచ్‌సీఐకి మార్చేయకండి, నీలం తెర వస్తుంది. విండోస్ 10లో ముందు ఎమ్‌ఎస్‌కాన్ఫిగ్‌లో సేఫ్ బూట్ టిక్కు పెట్టి, రీస్టార్ట్ చేసి, బయాస్‌లో మార్చి, సేఫ్ మోడ్‌లోకి వచ్చాక టిక్కు తీసి మళ్లీ రీస్టార్ట్ చేయాలి. ఎస్‌ఎస్‌డీకి పవర్ వైరు చాలక పాత నాలుగు పిన్నుల ప్లగ్గు మోలెక్స్ నుంచి సాటాకి మార్చే వైరు కొంటే, కొన ప్లాస్టిక్ పోతపోసినట్టు ఉన్నది వద్దు. లోపల తీగలు దగ్గరై కాలిపోతాయి. విప్పి చూడగలిగేలా వైర్లు గుచ్చి ఉన్నది తీసుకోండి.

పైసా ఖర్చు లేని పనులు రెండు. టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ ట్యాబ్‌లో మీకు రోజూ అక్కర్లేనివి డిసేబుల్ చేయండి, యాంటీవైరస్‌ని మాత్రం ముట్టుకోకండి. రెండోది, సీపీయూ కింద అప్ టైమ్ చూడండి. రోజూ షట్‌డౌన్ చేస్తున్నా అక్కడ పదిహేను రోజులు చూపిస్తుంటే అది ఫాస్ట్ స్టార్టప్ పని. షట్‌డౌన్‌లో విండోస్ పూర్తిగా దిగడం లేదు. వారానికి ఒకసారి రీస్టార్ట్ నొక్కండి. పేజ్ ఫైల్‌ని మాత్రం తీసేయకండి, 4 జీబీ సిస్టంలో అది లేకపోతే ప్రోగ్రాంలు చెప్పకుండా మూసుకుపోతాయి.

కొలతలన్నీ బాగుండి కూడా సిస్టం దానంతటదే రీస్టార్ట్ అవుతుంటే కరెంటు సరఫరా చేసే పెట్టె, ఎస్‌ఎంపీఎస్ చూడండి. పని నడుస్తుండగా మల్టీమీటర్‌తో పసుపు నలుపు వైర్ల మధ్య 11.4 నుంచి 12.6 వోల్టులు, ఎరుపు నలుపు మధ్య 4.75 నుంచి 5.25 ఉండాలి. బోర్డు మీద చిన్న గొట్టాల్లా ఉండే కెపాసిటర్ల తలలు ఉబ్బినా ఇదే గొడవ. తేదీ తప్పు చూపించి బ్రౌజర్లో సైట్లు తెరుచుకోకపోతే బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ బిళ్ల మార్చండి.

అను ఫాంట్లు, పేజ్‌మేకర్ కోసమే ఎక్స్‌పీనో విండోస్ 7నో నడుపుతున్న డీటీపీ కొట్లు ట్రంకు రోడ్డు పొడవునా ఉన్నాయి. ఆ సిస్టాన్ని మార్చక్కర్లేదు, ఇంటర్నెట్ వైరు పీకేసి ఆ ఒక్క పనికే ఉంచండి. విండోస్ 10కి కూడా మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది, విండోస్ 11 లెక్కలో ఈ పాత ప్రాసెసర్లు లేవు. బ్రౌజర్, ఉత్తరాలు, పిల్లల చదువు వరకే అయితే విండోస్‌కి బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ 4 జీబీలో హాయిగా నడుస్తుంది. అక్కడ టాస్క్ మేనేజర్‌కి బదులు సిస్టం మానిటర్ ఉంది. టెర్మినల్‌లో టాప్ అని కొడితే డబ్ల్యూఏ అన్న అంకె డిస్క్ కోసం ప్రాసెసర్ ఎంత ఎదురు చూస్తోందో చెబుతుంది. మెమరీలో ఫ్రీ అన్నది తక్కువుందని భయపడొద్దు, అవైలబుల్ చూడాలి.

డబ్బా మూసే ముందు పక్క రేకు లోపలి వైపు ఒక చీటీ అంటించండి. పేస్ట్ పెట్టిన తేదీ, ఖాళీగా ఉన్నప్పుడు వేడి, పనిలో వేడి, సీ5 అంకె, ర్యామ్ సైజు. వచ్చే ఏప్రిల్‌లో మళ్లీ విప్పినప్పుడు ఆ అంకెల పక్కనే కొత్తవి రాయండి.